ఈ ఫ్రేమ్‌వర్క్ ఎవరి తలనొప్పి?

జాంగోనా, స్ప్రింగ్ బూటా, లారవెలా, రియాక్టా? అమీర్‌పేటలో నా సాయంత్రం బ్యాచ్‌కి కొత్తగా వచ్చే పిల్లలు తమ పేరు చెప్పకముందే అడిగే ప్రశ్న ఇది. వాళ్లని అనాల్సిన పని లేదు. మెట్రో దిగి మైత్రీవనం దాటేలోపే చేతిలో నాలుగు పాంప్లెట్లు పడతాయి. ఒకటి జావా ఫుల్‌స్టాక్ అంటుంది, ఒకటి పైథాన్ ఫుల్‌స్టాక్ అంటుంది, ఇంకోటి డాట్‌నెట్ అంటుంది. అన్నిటి అడుగునా ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని మాత్రం ఒకే మాట. హాస్టల్‌కి పోయి యూట్యూబ్ తెరిస్తే, పొద్దున చేరిన కోర్సుకి కాలం చెల్లిందని సాయంత్రానికల్లా ఎవరో ఒకరు తేల్చేస్తారు.

నేను కొన్నేళ్లు కంపెనీల్లో కోడ్ రాసి, ఆ తర్వాత పాఠాలు చెప్పడానికి వచ్చినదాన్ని. ఆ ప్రశ్నకి నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు గానీ, జవాబు వెతికే దారి ఒకటుంది. ఏ ఫ్రేమ్‌వర్కూ ఊరికే పుట్టలేదు. ఎక్కడో ఎవరికో ఒక పని పదేపదే చేయాల్సి వచ్చి విసుగెత్తింది, ఆ విసుగులోంచి ఒకటి పుట్టుకొచ్చింది. కాబట్టి ఏది గొప్పదని అడగడం కన్నా, ఇది ఎవరి తలనొప్పిలోంచి పుట్టింది, ఆ తలనొప్పి నాకూ ఉందా అని అడగాలి. ఉంటే అదే మీ మొదటి ఫ్రేమ్‌వర్క్. లేకపోతే అదెంత పేరున్నదైనా, ఎందుకు చేస్తున్నామో తెలియని తంతులా మిగిలిపోతుంది.

అసలిది చేసే పనేమిటి?

బ్రౌజర్‌లో ఒక అడ్రస్ కొట్టగానే మీ ఫోన్ ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కి ఫలానా పేజీ కావాలని కొన్ని లైన్లు రాసి పంపుతుంది. అది రిక్వెస్ట్. అవతలి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం దాన్ని చదివి, కావలసింది వెతికి, తిరిగి పంపుతుంది. అది రెస్పాన్స్. దాని నెత్తిన ఒక అంకె ఉంటుంది. 200 అంటే దొరికింది. 404 అంటే అలాంటి పేజీ లేదు. 500 అంటే తప్పు మీది కాదు, మా వైపే ఏదో బెడిసికొట్టింది. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించి, 1991కల్లా బయటి ప్రపంచానికి అందించిన వెబ్ ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే నడిచింది. ఇప్పుడు మీరు కరెంటు బిల్లు కట్టినా, రైలు టికెట్ తీసినా లోపల జరిగేది అదే.

ఈ రెండింటి మధ్యా చిల్లర పని చాలా ఉంటుంది. వచ్చిన అడ్రస్‌ని బట్టి ఏ కోడ్ నడపాలో చూడాలి. ఫారంలో ఫోన్ నంబర్ గడిలో అక్షరాలు కొట్టారేమో చూడాలి. లాగిన్ అయినవాళ్లని గుర్తుపెట్టుకోవాలి. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచకుండా, తిరిగి చదవలేని రూపంలోకి మార్చి దాచాలి. డేటాబేస్‌లో రాయాలి, చదవాలి, చివరికి పేజీ తయారుచేయాలి. బట్టల కొట్టు సైటైనా, బడి సైటైనా ఈ పనులు మారవు. వాటిని ఒకసారి శుభ్రంగా రాసిపెట్టి, మీ సొంత కోడ్ ఎక్కడెక్కడ పెట్టాలో ఖాళీలు వదిలి ఇచ్చేదే ఫ్రేమ్‌వర్క్.

లైబ్రరీకీ దీనికీ తేడా ఏమిటని ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడుగుతారు. లైబ్రరీ వంటమనిషి లాంటిది. మీరు పిలిస్తే వస్తుంది, చెప్పింది వండిపెట్టి పోతుంది. ఫ్రేమ్‌వర్క్ ఫంక్షన్ హాలు. స్టేజీ ఎక్కడో, బంతి భోజనాలు ఎక్కడో, చేతులు కడుక్కునే కుళాయిలు ఎక్కడో మీరు అడుగుపెట్టకముందే ఖాయమై ఉంటాయి. పెళ్లి మీదే, కానీ హాలు పద్ధతిలో జరగాలి. కోడ్ భాషలో చెప్పాలంటే లైబ్రరీని మీ కోడ్ పిలుస్తుంది. ఫ్రేమ్‌వర్క్ మాత్రం తనే మీ కోడ్‌ని పిలుస్తుంది.

ముందు ఏదీ లేకుండా

మొదట్లో కొన్నాళ్లు నా క్లాసులో ఫ్రేమ్‌వర్క్ అన్న మాటే రాదు. పైథాన్‌తోపాటే ఒక చిన్న సర్వర్ వస్తుంది. దాన్ని తీసుకుని, పేరూ ఫోన్ నంబరూ అడిగే ఫారం ఒకటి తయారుచేయమంటాను. చూడ్డానికి అరపూట పని. చేస్తూ పోతే ఒక్కొక్కటే బయటపడుతుంది.

పేరు గడిలో ఎవరో 'శ్రీ' అని తెలుగులో కొడతారు. మనకది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అని నాలుగు ముక్కలు. ఒక్కో ముక్కా మూడు బైట్లు. ఫారంలోంచి ప్రయాణం చేసేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో మొదలయ్యే మూడు గుర్తులుగా మారుతుంది. అంటే అవతలికి చేరేది 36 గుర్తుల తోక. దాన్ని మళ్లీ 'శ్రీ'గా మార్చే బాధ్యత మీ కోడ్‌దే.

ఆ తర్వాత డిసౌజా అనే పేరు ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టమంటాను. ఆ పేరులో డి అక్షరం పక్కన ఒక అపాస్ట్రఫీ ఉంటుంది. డేటాబేస్‌కి రాసే ఆజ్ఞలో పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికీ అదే గుర్తు వాడతారు. దాంతో డేటాబేస్ డి దగ్గరే పేరు అయిపోయిందనుకుంటుంది. మిగిలిన ముక్క దానికి అర్థం కాదు. స్క్రీన్ మీద 500. క్లాసంతా నవ్వుతారు. ఈసారి ఇలాగే కట్టిన లాగిన్ పేజీలో పేరుకి బదులు అపాస్ట్రఫీ పెట్టి, దాని వెనక డేటాబేస్ ఆజ్ఞ ముక్క ఒకటి రాసి చూపిస్తాను. పాస్‌వర్డ్ లేకుండానే లాగిన్ అయిపోతుంది. అప్పుడు నవ్వు ఆగుతుంది. దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. వెబ్‌లో జరిగే దొంగతనాల్లో పాతదీ, ఇప్పటికీ పనిచేస్తున్నదీ ఇదే.

డేటాబేస్ పని కూడా చూసే పేరున్న ఫ్రేమ్‌వర్కులు ఈ చిక్కుని ఒకేలా విడదీస్తాయి. ఆజ్ఞని వేరుగా, అందులో పడాల్సిన విలువని వేరుగా డేటాబేస్‌కి పంపుతాయి. డిసౌజా ఎలా రాసినా అది పేరుగానే ఉంటుంది. ఈ తిప్పలు ఒకసారి చేత్తో పడినవాళ్లకి ఫ్రేమ్‌వర్క్‌లో ప్రతి వసతీ ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు. పడనివాళ్లకి అదంతా బట్టీ పట్టాల్సిన మంత్రం.

కేన్సస్ పత్రికాఫీసులో

ఫ్రేమ్‌వర్క్ తలనొప్పిలోంచే పుడుతుందన్న నా మాట నిజమని చూపడానికి జాంగో పుట్టుక కంటే మంచి ఉదాహరణ లేదు. అమెరికాలోని కేన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే యూనివర్సిటీ ఊరుంది. అక్కడి స్థానిక దినపత్రిక లారెన్స్ జర్నల్-వరల్డ్. 2003లో దాని వెబ్ విభాగంలో ఏడ్రియన్ హోలొవటీ, ఇంగ్లండ్ నుంచి వచ్చిన సైమన్ విల్లిసన్ పనిచేస్తున్నారు. పత్రికలో పని ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎన్నికలొస్తే ఒక పేజీ, ఆటల సీజన్ వస్తే ఒక పేజీ, అదీ నెలల్లో కాదు, రోజుల్లో, ఒక్కోసారి గంటల్లో. అప్పటిదాకా పీహెచ్‌పీలో రాసుకున్న సైట్లు పెరిగి పెరిగి అదుపు తప్పుతుంటే ఇద్దరూ పైథాన్‌కి మారారు. ఏ సైట్‌కైనా పనికొచ్చే కోడ్‌ని పక్కకి తీసి పెట్టుకుంటూ పోయారు. 2005 జూలైలో దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టు పేరు దానికి పెట్టారు.

పత్రికాఫీసులో ఇంకో ఇబ్బంది ఉంది. వార్త రాసే విలేకరికి కోడ్ రాదు. కానీ వార్తని డేటాబేస్‌లోకి ఎక్కించాల్సింది ఆయనే. ప్రతి కొత్త పేజీకీ ఒక ఎంట్రీ స్క్రీన్ చేత్తో కట్టివ్వడం ప్రోగ్రామర్‌కి నరకం. అందుకే టేబుల్‌లో ఏముందో చెబితే చాలు, ఎంట్రీ స్క్రీన్ తనే తయారయ్యే ఏర్పాటు ఒకటి జాంగోలో పెట్టారు. దాని పేరు అడ్మిన్. ఇరవై ఏళ్ల తర్వాత కూడా జాంగోకి అదే ప్రధాన ఆకర్షణ. 2010 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ మొదలైంది దీని మీదే. 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ దాన్ని 100 కోట్ల డాలర్లకు కొంటున్నామని ప్రకటించినప్పుడు ఆ కంపెనీలో ఉన్నది 13 మంది. కొద్దిమంది కూర్చుని ఎక్కువ పని తెమల్చాలన్నది ఆ పత్రికాఫీసులోనే ఈ ఫ్రేమ్‌వర్క్ ఒంటబట్టించుకున్న గుణం.

సూర్యాపేట టెంట్ హౌస్

ఆమధ్య ఒకమ్మాయి డెమో క్లాస్ అయ్యాక నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడమ్, సీనియర్లు రియాక్ట్‌తోనే మొదలుపెట్టమంటున్నారు. చేరనా?"

"నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"టెంట్ హౌస్ మేడమ్. సూర్యాపేటలో."

"లెక్కలన్నీ ఎక్కడ రాస్తారు?"

"లాంగ్ బుక్‌లో. ముహూర్తాలప్పుడు ఒకే తారీఖుకి రెండు పార్టీలకు అవే కుర్చీలు రాసేస్తారు. ఇక ఆ రోజు చూడాలి మా ఇంట్లో గొడవ!"

నాకు జవాబు దొరికింది. ఈ అమ్మాయి ఇంటి తలనొప్పి స్క్రీన్ అందంగా కదలకపోవడం కాదు. వస్తువులు, తారీఖులు, పార్టీలు, వీటి లెక్క కుదరకపోవడం. రాసేది కోడ్ రాని మనిషి. కేన్సస్ విలేకరికీ సూర్యాపేట టెంట్ హౌస్ యజమానికీ ఇక్కడ పెద్ద తేడా లేదు. కాలేజీలో పైథాన్ కొంచెం చదివిందట కూడా. జాంగోతో మొదలుపెట్టమన్నాను.

ఏం చేసిందో దగ్గరగా చూద్దాం. ముందు కాగితం మీద నాలుగు టేబుళ్లు గీసింది. వస్తువు: పేరు, మొత్తం ఎన్ని ఉన్నాయి, రోజుకి అద్దె ఎంత. పార్టీ: పేరు, ఊరు, ఫోన్. బుకింగ్: ఏ పార్టీ, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా. నాలుగోది బుకింగ్‌లో వస్తువు: ఏ బుకింగ్, ఏ వస్తువు, ఎన్ని. ఈ నాలుగోది నేను చేర్చమన్నదే, ఎందుకని అడిగింది. ఒక పెళ్లికి షామియానాలు, కుర్చీలు, గుండిగలు, కార్పెట్లు, కూలర్లు అన్నీ పోతాయి. ఒకే కుర్చీల లాటు పది పెళ్లిళ్లకు పోతుంది. అటునుంచీ ఇటునుంచీ చాలా ఉన్నప్పుడు మధ్యలో ఒక టేబుల్ పెట్టక తప్పదు. ఇది జాంగో పాఠం కాదు, డేటాబేస్ పాఠం. ఏ ఫ్రేమ్‌వర్క్‌కి పోయినా వెంట వస్తుంది.

ఆ నాలుగింటినీ పైథాన్‌లో మోడల్స్‌గా రాసింది. టెర్మినల్‌లో రెండు ఆజ్ఞలు కొడితే డేటాబేస్‌లో టేబుళ్లు తయారయ్యాయి. మోడల్‌లోని మార్పులని ఇలా డేటాబేస్‌కి చేర్చేవాటిని మైగ్రేషన్లు అంటారు. రేపు వస్తువుకి రంగు అనే గడి చేర్చాలనుకుంటే మోడల్‌లో ఒక లైన్ కలిపి అవే ఆజ్ఞలు మళ్లీ కొడితే చాలు. పాత డేటా చెక్కుచెదరదు. ఒక్కో టేబుల్‌కి ఒక్కో లైన్ రాసి అడ్మిన్‌లో చేర్చింది. సర్వర్ నడిపి, బ్రౌజర్‌లో తన కంప్యూటర్ 8000 పోర్ట్‌లో అడ్మిన్ పేజీ తెరిస్తే, చేర్చు, మార్చు, తీసేయ్ అన్నీ ఉన్న స్క్రీన్ రెడీగా కూర్చుంది. స్క్రీన్ కోసం ఒక్క ముక్క కోడ్ రాయలేదు.

దసరా సెలవులకి ల్యాప్‌టాప్ ఇంటికి పట్టుకెళ్లి నాన్నచేత కొన్ని బుకింగులు కొట్టించింది. ఆయన అడిగింది ఒకటే: "ఇంకా ఎన్ని కుర్చీలు మిగిలాయో ఇది చెప్పదా అమ్మా?" చెప్పదు. కేన్సస్‌లో ఎవరూ కుర్చీలు అద్దెకివ్వలేదు మరి. ఇక్కడినుంచి మొదలైంది అసలు చదువు. కొత్త బుకింగ్ తారీఖులతో పాతవాటిలో ఏవేవి ఢీకొంటాయో వెతకాలి. కొత్తది ముగిసే రోజుకో అంతకు ముందో మొదలై, కొత్తది మొదలయ్యే రోజునో ఆ తర్వాతో ముగిసేవన్నీ ఢీకొన్నట్టే. వాటిలో పోయిన కుర్చీలను మొత్తంలోంచి తీసేస్తే మిగిలింది ఖాళీ. నాన్న ఇంకో మాట కూడా చెప్పాడట. పెళ్లయిన మర్నాడు సామాను తిరిగొచ్చి, గుండిగలు తోమి ఆరబెట్టడానికి ఒక పూట పడుతుంది కాబట్టి గుండిగలకు ఒక రోజు ఎక్కువ పట్టుకోవాలని. ఆ ఒక్క రోజు ఏ ట్యుటోరియల్‌లోనూ ఉండదు. సాఫ్ట్‌వేర్ పనంటే నా దృష్టిలో అదే. మిగిలిన చాకిరీ ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటే, ఆ ఒక్క రోజు గురించి ఆలోచించే తీరిక మనకి దొరుకుతుంది.

షమయన

పుట్టిన చోటు బలాన్నిచ్చినట్టే లోపాన్నీ ఇస్తుంది. ఆ అమ్మాయి ప్రతి వస్తువుకీ ఒక పేజీ పెట్టి, దాని అడ్రస్‌లో వస్తువు పేరు తెలుగులోనే ఉండాలనుకుంది. పేరుని అడ్రస్‌కి పనికొచ్చేలా మార్చడానికి జాంగోలో స్లగిఫై అనే చిన్న ఫంక్షన్ ఉంది. దానికి 'షామియానా' ఇస్తే తిరిగి ఏమీ రాలేదు. ఖాళీ. మామూలుగా అది ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్ప అన్నిటినీ పారేస్తుంది. యూనికోడ్ కూడా ఒప్పుకో అని ఒక ఆప్షన్ ఉంది. అది పెట్టి చూస్తే 'షమయన' అని వచ్చింది. 'కుర్చీలు' కాస్తా 'కరచల' అయింది.

కారణం లోతుగా ఉంది. ఏది అక్షరం, ఏది కాదు అని పైథాన్ తేల్చే పద్ధతిలో మన గుణింతపు గుర్తులూ పొల్లూ సున్నా అక్షరాల లెక్కలోకి రావు. ఇంగ్లీషులో అచ్చు విడిగా నిలబడుతుంది, మనకి హల్లుని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ సంగతి ఆ ఫంక్షన్ రాసినవాళ్లకి తట్టలేదు. అమ్మాయి చివరికి అడ్రస్‌లో పేరుకి బదులు వస్తువు నంబర్ వాడింది. ఇది జాంగోకి వంక పెట్టడం కాదు. వేరే ఫ్రేమ్‌వర్కుల్లో వేరేచోట ఇలాంటివి తగులుతాయి. అందుకే కొత్తది ఏది మొదలుపెట్టినా మొదటిరోజే ఒక తెలుగు పేరు ఎక్కించి, వెతికి, అక్షరక్రమంలో పేర్చి చూడమని చెబుతాను. ఎవరి ప్రపంచంలో అది పుట్టిందో ఆ పరీక్షలో తెలిసిపోతుంది.

మిగిలినవాళ్ల తలనొప్పులు

రెయిల్స్‌ది ఇంకో కథ. చికాగోలోని 37 సిగ్నల్స్ అనే చిన్న కంపెనీ కోసం డేవిడ్ హైనమైయర్ హాన్సన్ అనే డెన్మార్క్ కుర్రాడు బేస్‌క్యాంప్ అనే సైట్ కట్టాడు. 2004లో అందులోంచి విడదీసి బయటపెట్టిందే రెయిల్స్. భాష రూబీ. ఆయన విసుగంతా ప్రతి చిన్నదానికీ సెట్టింగుల ఫైళ్లు నింపడం మీద. పేర్లు ఒక పద్ధతిలో పెడితే ఇక ఏమీ చెప్పక్కర్లేదు, నేనే అర్థం చేసుకుంటా అంటుంది రెయిల్స్. గిట్‌హబ్, షాపిఫై దాని మీదే పెరిగాయి. ఒక్కడే కూర్చుని ఒక సేవ మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఇప్పటికీ మంచిది. మన దగ్గర రూబీ ఉద్యోగాలు జావా అంత విరివిగా కనపడవు, అంతే.

ఫ్లాస్క్ ఏకంగా ఏప్రిల్ ఫూల్ జోకులోంచి పుట్టింది. ఆస్ట్రియాకి చెందిన ఆర్మిన్ రోనాకర్ 2010 ఏప్రిల్ 1న, ఒక్క ఫైల్‌లో ఇమిడిపోయే ఫ్రేమ్‌వర్క్ అంటూ వేళాకోళంగా ఒకటి వదిలాడు. జనం అది నిజమనుకుని ఆసక్తి చూపించారు. దాంతో నిజంగానే ఒక చిన్న ఫ్రేమ్‌వర్క్ రాసి ఫ్లాస్క్ అన్నాడు. అడ్రస్ చూసి కోడ్ నడపడం, పేజీ తయారుచేయడం ఇస్తుంది. డేటాబేస్, లాగిన్, అడ్మిన్ మీరే తెచ్చుకోవాలి. ప్రతి ముక్కా తన చేత్తో అతికించుకుని చూడాలనే కుతూహలం ఉన్నవాళ్లకి ఇది సరైన చోటు. మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టుకి ఒక చిన్న తలుపు పెట్టడానికీ సరిపోతుంది. ఆ పనికే 2018 చివర్లో వచ్చిన ఫాస్ట్ ఏపీఐని ఇప్పుడు చాలామంది వాడుతున్నారు.

పీహెచ్‌పీని 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి మొదలుపెట్టాడు. నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పదింట నాలుగుకి పైగా నడిపే వర్డ్‌ప్రెస్ రాసింది ఆ భాషలోనే. ఆ లోకంలో 2011లో టేలర్ ఆట్‌వెల్ లారవెల్ తెచ్చాడు. అప్పట్లో బాగా నడుస్తున్న కోడ్‌ఇగ్నైటర్‌లో లాగిన్ ఏర్పాటు ముందే అమర్చి ఉండేది కాదు. ఎవరికి వారు రాసుకోవాలి. ఆ లోటులోంచి ఇది పుట్టింది. మీ ఊళ్లో డయాగ్నస్టిక్ సెంటర్‌కో, కోచింగ్ సెంటర్‌కో, నగల దుకాణానికో సైట్లు చేసిపెట్టి సంపాదించుకోవాలనుకుంటే నేను పీహెచ్‌పీ వైపే చూపిస్తాను. తక్కువ అద్దెకి దొరికే హోస్టింగ్ ఎక్కడైనా అది నడుస్తుంది. ఆ చిన్న దుకాణదారుకి నెలనెలా కట్టే అద్దె పెద్ద విషయమే.

ఇక స్ప్రింగ్. రాడ్ జాన్సన్ 2002లో, జావాలో పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ రాయడం ఎంత గజిబిజిగా తయారైందో వివరిస్తూ ఒక లావుపాటి పుస్తకం రాశాడు. దానితోపాటు ఇచ్చిన కోడే స్ప్రింగ్‌కి విత్తనం. 2014లో వచ్చిన స్ప్రింగ్ బూట్ దాన్ని మొదలుపెట్టడం తేలిక చేసింది. వందలమంది ఒకే కోడ్ మీద ఏళ్ల తరబడి పనిచేసే చోట, ఒకరు రాసింది ఇంకొకరు చెడగొట్టకుండా ఉండాలన్న చోట దాని విలువ తెలుస్తుంది. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలకు పనిచేసే మన పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో జావాకి గిరాకీ అందుకే. మీ లక్ష్యం అలాంటి ఉద్యోగమే అయితే, కాలేజీలో జావా చదివి ఉంటే, స్ప్రింగ్ బూట్‌తో మొదలుపెట్టడంలో తప్పులేదు. సొంతంగా కట్టిన మొదటి ప్రాజెక్టులో దాని సుగుణాలు సగం కనపడవు, అది తెలిసి దిగండి.

రియాక్ట్ ఏ పంక్తిలో కూర్చుంటుంది?

రియాక్ట్‌ని జాంగోతో పోల్చి అడిగే ప్రశ్నలోనే ఒక చిక్కుంది. రెండూ ఒకే పని చేయవు. ఫేస్‌బుక్‌లో ప్రకటనల విభాగంలో పనిచేసిన జోర్డన్ వాక్ తయారుచేసిన రియాక్ట్‌ని 2013 మేలో బయటికి విడుదల చేశారు. తెర మీద ఒకచోట అంకె మారితే దానితో సంబంధమున్న మిగిలిన చోట్లన్నీ తప్పకుండా మారాలన్నది దాని వెనకున్న తలనొప్పి. మెసేజ్ చదివేసినా పైన ఎర్ర అంకె పోకపోతే మనకెంత చిరాకు? ఆ చిరాకుని కోడ్ రాసేవాడి వైపు నుంచి తీర్చేది రియాక్ట్. అది నడిచేది ముఖ్యంగా మీ బ్రౌజర్‌లో. తనని తాను లైబ్రరీ అనే చెప్పుకుంటుంది. కుర్చీల లెక్క దాచడానికి, లాగిన్ చూడటానికి అవతల ఒక సర్వర్ ఉండాల్సిందే.

కాబట్టి మీకు మనసు పడేది తెర మీద కదలికలు, డిజైన్, వేలితో లాగితే జరిగే పట్టికలు అయితే రియాక్ట్ తీసుకోండి. దానికి ముందు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ మాత్రం ఎగ్గొట్టకండి. అదే భాషతో సర్వర్ వైపు కూడా రాయాలంటే 2009లో రయన్ డాల్ తెచ్చిన నోడ్, దాని మీద నడిచే ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. భాష ఒకటే కావడం మొదట్లో కొంత బరువు తగ్గిస్తుంది.

బతికున్నదా, బాగోగులు చూసేవాళ్లున్నారా?

ఎంచుకున్నదాని పుట్టుకతోపాటు ఆరోగ్యం కూడా చూడాలి. అమెరికాలో 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు దొంగల పాలైన ఈక్విఫాక్స్ అనే కంపెనీ ఉదంతం 2017లో జరిగింది. దొంగలు దూరింది అపాచీ స్ట్రట్స్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లోని ఒక కంత గుండా. దాన్ని పూడ్చే సవరణ మార్చిలోనే వచ్చింది. ఆ కంపెనీ తన సర్వర్‌లో దాన్ని వేసుకోలేదు. మే నెలలో దొంగలు పడ్డారు. ఫ్రేమ్‌వర్క్ తీసుకుంటే దాని సవరణలు కూడా ఎప్పటికప్పుడు వేసుకోవాలి. జాంగో దాదాపు రెండేళ్లకోసారి ఒక ఎల్‌టీఎస్ వెర్షన్, అంటే ఎక్కువకాలం మద్దతు ఉండే వెర్షన్, తెచ్చి, దానికి మూడేళ్లపాటు భద్రతా సవరణలు ఇస్తుంది. మీరు తీసుకోబోయేదానికి అలాంటి మాట ఎవరైనా ఇచ్చారేమో చూడండి.

గూగుల్ నుంచి 2010లో వచ్చిన యాంగులర్‌జేఎస్ కథ కూడా పిల్లలకు చెబుతుంటాను. 2016లో దాని తర్వాతి వెర్షన్‌ని మొదటినుంచి మళ్లీ రాశారు. పాత కోడ్ కొత్తదాంట్లో నడవదు. 2021 ముగిసేసరికి పాతదానికి మద్దతు ఆపేశారు. దాన్నే నమ్ముకుని దాని ప్రత్యేకమైన గుర్తులు మాత్రమే బట్టీ పట్టినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. కింద జావాస్క్రిప్ట్ బాగా వచ్చినవాళ్లు కాస్త విసుక్కుని ముందుకి సాగిపోయారు.

అమీర్‌పేటలో క్లాస్ నోట్సు జెరాక్సులు అమ్ముతారు. బాగుంటాయి, నేను కాదనను. కానీ వాటి మీద వెర్షన్ నంబర్ ఉందా చూడండి. లేకపోతే అధికారిక డాక్యుమెంటేషనే దిక్కు. కొనబోయే కోర్సు కన్నా ముందు ఆ డాక్యుమెంటేషన్‌లో మొదటి పాఠం మీ అంతట మీరు చేసి చూడండి. ఎక్కడ ఆగిపోయారో, ఆగినప్పుడు అందులోనే జవాబు దొరికిందో లేదో చూసుకుంటే ఆ ఫ్రేమ్‌వర్క్ మీకు సరిపడుతుందో లేదో ఏ సీనియర్ కన్నా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు ఏఐని అడిగితే కోడ్ మొత్తం రాసిచ్చేస్తోంది కదా మేడమ్, ఇదంతా ఎందుకని కూడా అడుగుతున్నారు. రాసిస్తుంది, నిజమే. గుండిగలకు ఒక రోజు ఎక్కువ పట్టుకోవాలని దానికి చెప్పాల్సింది మీరు. అది రాసిచ్చిన ఫారంలో డిసౌజా పేరు కొట్టి చూడాల్సిందీ మీరే.

ఇంతా విని, సరే మేడమ్, ఒక్క మాటలో చెప్పండి అంటారు కొందరు. అలాంటివాళ్లకి నా లెక్క ఇది. పైథాన్ కొంచెం వచ్చి, ఇంట్లోనో ఊళ్లోనో లెక్కలు రాసే పని ఉంటే జాంగో. చిన్న వ్యాపారాలకు సైట్లు చేయాలంటే లారవెల్. పెద్ద కంపెనీ ఉద్యోగం, జావా నేపథ్యం అయితే స్ప్రింగ్ బూట్. తెర మీద కనపడేదే మీకు ఇష్టమైతే రియాక్ట్. లోపల ఏం జరుగుతోందో విప్పి చూడాలంటే ఫ్లాస్క్. ఏది తీసుకున్నా మీకు తెలిసిన ఒక మనిషి నిజంగా వాడే వస్తువు ఒకటి తయారయ్యేదాకా ఇంకోదాని జోలికి పోవద్దు. ఆ తర్వాత రెండోది తెరిచినప్పుడు మీరు వెతికేవి ఇవే: అడ్రస్‌లు ఎక్కడ రాస్తారు, టేబుళ్లు ఎలా చెబుతారు, ఫారం ఎవరు తనిఖీ చేస్తారు, లాగిన్ ఎక్కడుంది, పేజీ ఎలా తయారవుతుంది, తప్పు జరిగితే ఎక్కడ కనపడుతుంది. మొదటిదాంట్లో వీటి జవాబులు కష్టపడి సంపాదించుకున్నవాళ్లకి రెండోదానికి కోచింగ్ అక్కర్లేదు. ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పి బతికే నేనే ఈ మాట అంటున్నాను కాబట్టి నమ్మొచ్చు.